బూజుకర్ర మామ్మ

టక్, టక్.

కాళ్ల కింద నేలలోంచి చప్పుడు.

"మొదలెట్టింది మహాతల్లి" అంది తల్లి, జడ అల్లుకుంటూ.

పాత మేడ, చెక్క నేల. పై వాటాలో తల్లీ కూతురూ ఇద్దరే. కింది వాటాలో ఈమధ్యే దిగిన ఒక ముసలావిడ. పైన పిల్ల గెంతితే చాలు, బూజుకర్ర ఎత్తి తన ఇంటి కప్పును పొడుస్తుందని తల్లి గోల. అందుకే ఆవిడకు బూజుకర్ర మామ్మ అని పేరు పెట్టేసింది.

కూతురు మడమతో నేలను రెండుసార్లు తన్నింది.

"పిడుగా, తిరిగి తన్నుతావా? అసలే ఆవిడ అగ్గి మీద గుగ్గిలం."

"అది కాదమ్మా, మామ్మ..."

"మామ్మా లేదు గీమ్మా లేదు. పాలు తాగి, నేను వెళ్లగానే గడియ పెట్టుకో."

క్రిస్మస్ సెలవులు. సెలవులు బడికే గానీ కేకుల కొట్టుకు కాదు. తల్లి పనిచేసేది ఆ కొట్టులోనే. ఏడాది మొత్తంలో సెలవు మాట ఎత్తకూడని రోజులు అవే. ఎనిమిదేళ్ల పిల్లను ఒంటరిగా వదిలి వెళ్లక తప్పడం లేదు. ఆమె చేతులు కేకు పెట్టెలకు రిబ్బన్లు కడుతుంటాయి గానీ ప్రాణమంతా ఇంట్లోనే. స్టవ్ ముట్టుకుందేమో, కిటికీ ఎక్కిందేమో.

మెట్లు దిగుతుంటే ముసలావిడ ఎదురైంది. తల్లి కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

"పిల్లన్నాక అడుగు కింద పెట్టదా అండీ? గాల్లో తేలుతుందా? చీమ చిటుక్కుమనకూడదంటే ఏ అడవిలోనో ఉండాల్సింది."

ముసలావిడ ఆమె మొహంలోకి చూసి నవ్వింది. భుజం తట్టి లోపలికి వెళ్లిపోయింది.

నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయి కాబోలు, ఎంత పొగరో అనుకుంది తల్లి.

సాయంత్రం ఇంట్లో కొత్త చట్టం వచ్చింది.

"రేపట్నుంచి మేజోళ్లేసుకుని తిరుగు. అడుగు చప్పుడు కాకూడదు. ఆవిడ పొడిచినా సరే, తిరిగి తన్నావంటే కాళ్లు విరగ్గొడతా."

తల్లులందరూ అనే మాటే. ఆ పూట అనకుండా ఉంటే బాగుండేది.

మర్నాడు కొట్టు కిటకిటలాడుతుండగా వాచ్‌మన్ ఫోన్ చేశాడు.

"అమ్మా, కంగారుపడకండి. పాపను ఆస్పత్రికి తెచ్చాం."

చేతిలోని పెట్టె ఎక్కడ పెట్టిందో, ఎలా వెళ్లిందో ఆమెకే తెలీదు.

కిటికీకి నక్షత్రం కడదామని పిల్ల స్టూలెక్కింది. మేజోళ్లు జారాయి. కాలు విరిగింది, తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పింది.

"సెలవులొస్తే మాకు ఇవే కేసులు" అన్నాడు డాక్టరు. "స్టూలు మీంచి పడ్డవాళ్లు, కొవ్వొత్తితో కాల్చుకున్నవాళ్లు. వేళకు తెచ్చారు కాబట్టి గండం గడిచింది. మీరు ఇంటికొచ్చేదాకా అలాగే పడుంటే నేనే మాటా ఇవ్వలేకపోయేవాణ్ని."

"ఎవరు చూశారు?" తల్లి వాచ్‌మన్‌ని అడిగింది.

"కింది మామ్మగారమ్మా. నా చొక్కా పట్టుకుని లాక్కెళ్లారు. ఆ నొప్పి మోకాళ్లతోనే మెట్లన్నీ ఎక్కారు. తలుపు పగలగొట్టేదాకా నన్ను వదల్లేదు."

అప్పుడే పిల్ల కళ్లు తెరిచింది.

"అమ్మా, కొట్టవుగా? పొద్దున నువ్వెళ్లాక తన్నాను."

"ఎందుకు తల్లీ?"

"మామ్మ టక్ టక్ అంటే 'ఉన్నావా' అని. నేను రెండు తంతే 'ఉన్నా' అని. బంతి కోసం కిందికెళ్లినప్పుడు చేసి చూపించింది. నేను తన్ని కర్ర అదిరేదాకా దాన్ని కప్పుకి ఆనించి అలాగే పట్టుకుని నిలబడుతుంది."

అమ్మ చెయ్యి పట్టుకుని, "పడ్డాక తన్నలేకపోయానమ్మా" అంది.

తల్లికి ఏడుపు ఆగలేదు. తను కొట్టులో ఉన్నంతసేపూ తన బిడ్డను ఒక మనిషి కనిపెట్టుకుని ఉంది. ఆ మనిషినే తను నోటికొచ్చినట్టు దులిపేసింది.

పిల్లను ఇంటికి తెచ్చిన రోజే, తన చేత్తో చేసిన కేకు పట్టుకుని కింది వాటాకు వెళ్లింది.

తాళం వేసి ఉంది. తలుపు పక్కన బూజుకర్ర నిలబెట్టి ఉంది.

"మోకాలు బాగా వాచిపోయిందమ్మా" అన్నాడు వాచ్‌మన్. "ఇక ఒంటరిగా వద్దని ఆవిడ చెల్లెలొచ్చి నిన్నే తీసుకెళ్లింది. ఆ కర్ర పాపకట."

"ఏ ఊరో చెప్పారా?"

"అడగలేదమ్మా. తొందరలో ఉన్నారు."

తల్లి కేకును ఆ గుమ్మంలోనే పెట్టింది.

"కాళ్ల మీద పడదామని వచ్చాను. ఆవేళ మెట్ల దగ్గర ఎన్నేసి మాటలన్నానో. అవన్నీ మనసులో పెట్టుకునే వెళ్లిపోయి ఉంటారు."

వాచ్‌మన్ వింతగా చూశాడు.

"మాటలేంటమ్మా? ఆవిడకి పుట్టినప్పట్నుంచీ చెవులు వినపడవు."