కొండ మీది దేవదూత

"ఆదివారం పూట తీగ మీద బట్టలారేసిన మనిషిని చర్చిలో పాడమంటానా? కుదరదు ఐవీ," అంది ఈనిడ్ గార్బెట్, టీవీ మీది దుమ్ము తుడుస్తూ.

"మనవడికి విరేచనాలమ్మగారూ. పసివెధవకి ఆదివారమని తెలుసా ఏమిటి?"

"దేవుడికి తెలుసు."

ఐవీ బెడో తను తెచ్చిన కేకు బల్ల మీద పెట్టింది. ముప్పయ్యేళ్ళు చర్చిలో పాడిన గొంతు ఆమెది. ఊళ్ళో ఎవరి బట్ట చిరిగినా అతుకు వేసే చెయ్యీ ఆమెదే. కుట్టుపని ఇస్తూనే ఉన్నారు కానీ, మూడు నెలలుగా పాడనివ్వడం లేదు. పాటల బృందానికి పెద్ద ఈనిడ్. ఆదివారం ఆ ఊళ్ళో గాలి ఊరికే వీచి పోవాల్సిందే, తడిబట్టను తాకకూడదు. క్రిస్మస్‌కైనా పాడనిస్తుందేమోనని ఐవీ అల్లం కేకు చేసుకుని మరీ వచ్చింది.

ఇంతలో సగం ఊరు ఆ గదిలో దిగింది. తమ కొండల మీద తీసిన నాటకం టీవీలో వచ్చే రోజు మరి.

నాటకంలో మిల్లు వాళ్ళబ్బాయి, పదహారేళ్ళవాడు, గంటసేపు కొండలెక్కాడు. రాళ్ళతో మాట్లాడాడు. గొర్రెను వాటేసుకుని ఏడ్చాడు.

"వీడికేమొచ్చింది?" అన్నాడు ఈనిడ్ భర్త సిరిల్.

"పెద్దవాడవుతున్నాడు," అన్నాడు విదర్స్ మాస్టారు.

"మేమూ అయ్యాం. గొర్రెల్ని వాటేసుకున్నామా?"

అప్పుడు లోయ అవతల, మంచులోంచి ఓ తెల్లటి ఆకారం తేలింది. తల లేదు. చేతులు బార్లా చాపి ఊగుతోంది. కుర్రాడు మోకాళ్ళ మీద పడ్డాడు.

"దేవదూత," అన్నాడు మాస్టారు. "ఇది వాళ్ళు పెట్టింది కాదట. దర్శకుడు పేపర్లో చెప్పాడు. ఆదివారం పొద్దున, మనమంతా చర్చిలో ఉండగా, దానంతటదే కెమెరాకి కనబడిందట. మోచేతి దగ్గర ఆ నలుచదరపు మచ్చ చూశారా? గాయపడిన మన ఇంగ్లండ్‌కి గుర్తు అది."

సిరిల్ భక్తిగా తల వంచాడు. ఈనిడ్ మొహం పాలిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి టీవీ కట్టేయబోతే నలుగురూ పట్టుకుని కూర్చోబెట్టారు.

"ఎంత భక్తి తల్లీ," అంది వెనక ఎవరో. "ఆవిడ తట్టుకోలేకపోతోంది."

ఐవీ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ మచ్చనే చూసింది. ఆకారం మాయమయ్యాక, తను తెచ్చిన కేకులో పెద్ద ముక్క తనే తీసుకుని తిన్నది.

అందరూ వెళ్ళాక గుమ్మం దగ్గర ఆగి, "క్రిస్మస్‌కి రమ్మంటారా అమ్మగారూ?" అని మళ్ళీ అడిగింది.

"ఒకసారి చెప్పానా లేదా? ఆదివారం ఆదివారమే. నాకైనా, నీకైనా."

ఐవీ తీరిగ్గా కోటు గుండీలు పెట్టుకుంది.

"మీవారి తెల్ల రాత్రి చొక్కా మోచేతికి నేను వేసిన అతుకు టీవీలో భలే కనబడిందమ్మగారూ."