కట్టయ్య మగ్గం

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు. వరంగల్ బట్టల మిల్లులో ఏడు నెలల సమ్మె చేసి కార్మికులు గెలిచారు. తెల్లారితే మిల్లు తెరుస్తారు. ముందుగా మగ్గానికి కొబ్బరికాయ కొట్టుకుందామని ఎల్లస్వామి రాత్రే లాంతరు పట్టుకొని షెడ్డులోకి వెళ్లాడు. వాచ్‌మన్ వెంకట్రాజం గేటు దగ్గరే ఆగిపోయాడు.

షెడ్డుకు ఇంకా కరెంటు ఇవ్వలేదు. ఎల్లస్వామి తన మగ్గానికి బొట్టు పెట్టి, పక్కనున్న కట్టయ్య మగ్గానికీ పెట్టబోయాడు. సమ్మెలో ఆకలికి పోయినవాళ్లలో మొదటివాడు కట్టయ్య. చెయ్యి ఆనగానే ఎల్లస్వామి ఉలిక్కిపడ్డాడు. ఇనుము వెచ్చగా ఉంది, అప్పుడే షిఫ్టు దిగినట్టు.

మగ్గాల హోరులో మాట వినపడదు కాబట్టి కార్మికులు ఈలలతో మాట్లాడుకునేవాళ్లు. పొడుగు ఈల వేస్తే ‘ఉన్నావా?’ అని. రెండు పొట్టి ఈలలు వేస్తే ‘ఉన్నా’ అని.

ఎల్లస్వామి పెదాలు తడుపుకొని పొడుగ్గా ఈల వేశాడు.

మగ్గం వెనక చీకట్లోంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గర్నుంచి, రెండు పొట్టి ఈలలు వినిపించాయి.

ఒళ్లు జలదరించింది. అయినా నవ్వొచ్చింది. “గెలిచినం కట్టన్నా!” అని అరిచాడు.

షెడ్డు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఈలలు మోగాయి.

“ఎల్లన్నా, లోపట ఎంతమందున్నరు?” గేటు దగ్గర్నుంచి వెంకట్రాజం కేకేశాడు.

“అందరున్నరు!” ఎల్లస్వామి కొబ్బరికాయ పైకెత్తాడు. “పొద్దుగాల గేటు బార్లా తెరువు!”