తప్పు లేని రాత

డిక్టేషన్‌లో తన్‌బికి వందకి ఇరవై వచ్చాయి.

ఒకటో తరగతి. ప్రతి శుక్రవారం టీచరు వాక్యాలు చదువుతుంది, పిల్లలు రాస్తారు. తన్‌బి కాగితం నిండా ఎర్ర గీతలే. పైగా పక్క బల్ల పిల్ల నవ్విందట, "మీ అమ్మకే రాదుగా, నీకేం వస్తుంది?" అని.

ఆ కాగితం పట్టుకుని తల్లి లియెన్ వంటింట్లో చతికిలబడింది. వియత్నాం నుంచి కొరియాలోని ఈ వాండో దీవికి కోడలిగా వచ్చి ఏళ్లవుతోంది. పగలంతా సముద్రపు నాచు ఎండబెట్టే ఫ్యాక్టరీలో పని. కొరియన్ మాట్లాడుతుంది, బోర్డులు చదువుతుంది. కానీ ఈ భాషలో పలికేది ఒకటి, రాసేది ఒకటి. కొడవలి 'నత్', పగలు 'నత్', మొహమూ 'నత్'. రాతలో మాత్రం మూడూ వేరు.

ఆ సాయంత్రం తనే పాఠం చెప్పబోయింది.

"అమ్మా, నువ్వు చదివేది టీచర్ చదివినట్టు లేదు," అంది తన్‌బి పెన్సిల్ కొరుకుతూ.

గదిలోంచి అత్తగారు మల్‌సున్ గొంతు లేచింది. "నీకే నోరు తిరగదు, దానికేం నేర్పుతావే? నువ్వు ఊరుకుని ఉంటే ఇంకో పది ఎక్కువ వచ్చుండేవి."

లియెన్ పుస్తకం మూసేసింది. ఈ ఇంట్లో మాట పడటం ఆమెకు అలవాటే. భర్త ఉల్సాన్‌లో ఓడలు కట్టే చోట పని చేస్తాడు. ఇంటికి రావడం దాదాపు మానేశాడు. ఫోన్ చేసినా తల్లితో మాట్లాడి పెట్టేస్తాడు.

అందుకే తర్వాతి వారం అత్తగారు అన్న మాట చెవులారా విని కూడా నమ్మలేకపోయింది.

"ఇకనుంచి దీని రాత సంగతి నేను చూస్తాలే."

"మీరా, అత్తయ్యా?"

"ఏం, నేను బడికి పోలేదనుకున్నావా? ఆ వేళకి నువ్వు మాత్రం గదిలోకి రాకు. నీ యాస దాని చెవిన పడిందా, మళ్ళీ మొదటికొస్తుంది."

అప్పట్నుంచి రోజూ సాయంత్రం గది తలుపు మూతపడేది. లియెన్ ముల్లంగి తరుగుతూ వినేది. మాటలు తెలిసేవి కావు, మల్‌సున్ గద్దింపులే తెలిసేవి. "మళ్ళీ." "కింది అక్షరం ఎగ్గొట్టావు. మళ్ళీ." కాగితాలు దండగని చెరిపేసే పలక మీద రాయించేది. ఒకసారి చెంప ఛెళ్ళుమన్న చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఏడుపు. లియెన్ తలుపు దాకా వెళ్ళి, చెయ్యి వెనక్కి తీసుకుంది. చిన్నప్పుడు తననూ ఇలాగే కొట్టారు. చదువంటే అంతే అనుకుంది.

నెల తిరిగేసరికి తన్‌బికి వందకి వంద వచ్చాయి.

లియెన్ ఆ కాగితం ఫొటో తీసి వియత్నాంలో ఉన్న తల్లికి పంపింది. బేరిపళ్ళు తెచ్చి, చెక్కు తీసి, ముక్కలు కోసి అత్తగారి ముందు పెట్టింది. "మీ మేలు మర్చిపోలేను అత్తయ్యా," అంది. నిజంగానే కళ్ళు చెమర్చాయి.

మల్‌సున్ ఒక ముక్క నోట్లో వేసుకుంది. "నాకు మేలు చెయ్యాలనుంటే పిల్లతో ఆ మీ భాష మానెయ్. రెండూ కలిసి దాని బుర్ర పాడవుతుంది."

లియెన్ మానేసింది. జోలపాట కూడా మానేసింది. కొరియన్‌లో కూతురికి చెప్పడానికి ఆమె దగ్గర ఎక్కువ మాటలు లేవు. తిన్నావా, పళ్ళు తోముకో, పడుకో. అంతే.

నూరు వచ్చాక కూడా పాఠాలు ఆగలేదు. ఇంకా దేనికని అడిగితే, "పట్నంలో పిల్లలకి రాత పోటీ ఉంది. దీన్ని తీసుకెళ్తున్నా," అంది మల్‌సున్.

"నేనూ వస్తాను."

"నువ్వెందుకు? నిన్ను చూస్తే ఇదెవరి పిల్లో వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది."



పోటీ రోజు తెల్లవారకముందే లేచి, నాచు రేకుల్లో అన్నం పెట్టి కింబాప్ చుట్టి డబ్బాలో సర్దింది. తన్‌బిని కూర్చోబెట్టి జడలు వేస్తుంటే, అద్దంలోంచి పిల్ల అడిగింది.

"అమ్మా, తప్పు లేకుండా రాస్తే అది నిజమైపోతుందా?"

లియెన్ నవ్వింది. "తప్పు లేకుండా రాస్తే నిజంగా నూటికి నూరే."

తన్‌బి నవ్వలేదు. గుమ్మం దగ్గర తల్లి నడుం చుట్టేసుకుంది. "నేను వెళ్ళను. కడుపులో నొప్పి."

"దీని నాటకాలు చూడు! బస్సు పోతుంది," అని బయటినుంచి కేకేసింది మల్‌సున్.

లియెన్ మోకాళ్ళ మీద కూర్చుని కూతురి చొక్కా గుండీ సరిచేసింది. "భయపడకు తల్లీ. నానమ్మ నేర్పింది నేర్పినట్టు రాసెయ్. నా కోసం రాయవూ?"

తన్‌బి తల్లి మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తలూపింది.

సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి లియెన్ దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. అప్పటికే ఇద్దరూ ఇంట్లో ఉన్నారు.

"ఎలా రాసింది అత్తయ్యా?"

మల్‌సున్ ఆ రోజు మొదటిసారి కోడలి వంక చూసి నవ్వింది. "ఒక్క తప్పు లేదు. ఇంత చిన్నపిల్ల ఇంత చక్కగా ఎలా రాసిందని అక్కడి ఆవిడే ఆశ్చర్యపోయింది."

లియెన్ కూతుర్ని ఎత్తుకుని బుగ్గలు ముద్దాడింది. తన్‌బి ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయి ఉంది.

"నువ్వు రాయమన్నావనే రాశానమ్మా," అంది.

"నా బంగారమే!" అని లియెన్ మురిసిపోయింది.

పట్నంలోని కుటుంబ కోర్టులో, లియెన్‌కి తెలియకుండా ఆమె భర్త వేసిన విడాకుల కేసు చూసే అధికారి ఇచ్చిన తెల్లకాగితం మీద తన్‌బి గుండ్రటి అక్షరాలతో రాసి వచ్చింది: "అమ్మ నన్ను రోజూ కొడుతుంది, నాకు అమ్మ వద్దు, అమ్మని వాళ్ళ దేశానికి పంపించెయ్యండి."