సీసాలో సున్నా

కవిత సీసాను వెలుగుకేసి పట్టి చూసింది. క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపురంగుకు తిరగాలి. తిరగలేదు. తెల్లగా, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి.

"ఈపొద్దూ సున్నానే మామా" అంది నీరసంగా.

"అయ్యో!" అన్నాడు తిమ్మప్ప. కోడలి అవస్థ చూసి ఆ పెద్దమనిషి ముఖం ఎంత చిన్నబోయిందో! "క్లోరిన్ లేని నీళ్లల్లో దిగితే ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి తల్లీ. పోనీలే, రేపు సూద్దాం."

ఆదోని పత్తి మార్కెట్‌లో తిమ్మప్ప పేరు తెలియని వాళ్లు తక్కువ. ఆయన ఈత సంగతి తెలియని వాళ్లయితే అసలే లేరు. పుట్టింది నీటిచుక్కకు మొహం వాచిన కోసిగిలో. అయితేనేం, కొత్తల్లుడిగా కౌతాళం అవతల ఏటిగట్టు ఊరికి పోయినప్పుడు, నిండుగా పారుతున్న తుంగభద్రను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదేశాడు. అప్పటినుంచీ ఆ ఏరు ఆయన నోట్లో పారుతూనే ఉంది. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ ముందు, ఏరు వెనక.

"నడిమధ్యకు పోతానే నీళ్లు ఎడమకు లాగినాయి సూడప్పా..."

"ఎడమకు కాదు, కుడికి" అనేది భార్య గంగమ్మ, తలెత్తకుండా వక్కలు కత్తిరిస్తూనే.

"ఆఁ, కుడికే! గట్టిగా లాగినాయి!"

విని విని అత్తకు కంఠతా వచ్చేసిందని కవిత నవ్వుకునేది.

అందుకే ఎమ్మిగనూరు రోడ్డులో కొత్తిల్లు కట్టేటప్పుడు పోరుపెట్టి మరీ పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించింది. ఈత నేర్చుకోవాలని ఆమెకు చిన్నప్పటి కోరిక. అంతటి గురువు ఇంట్లోనే ఉంటే ఇంకేం కావాలి? మొదట మామ దూకాలి, తర్వాతే మిగతావాళ్లు అని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. నీళ్ల పరీక్ష సరిగ్గా వచ్చిన రోజే దూకుతానని తిమ్మప్ప మాటిచ్చాడు.

ఆ మాటిచ్చిన మర్నాటి నుంచీ సీసాలో సున్నా తప్ప ఇంకొకటి కనిపిస్తే ఒట్టు.

కవిత ఊరుకునే రకం కాదు. పరీక్ష చుక్కల మందు ఎండకు పాడైందేమోనని కొత్తది తెప్పించింది. పైపైన ముంచకుండా మోచెయ్యి మునిగేదాకా చెయ్యిపెట్టి లోపలి నీళ్లు తీసింది. కొత్తనీళ్లు పడే మూల వదిలేసి ఎదురు మూలన పట్టింది. తిమ్మప్ప కూడా తనవంతు సాయం మానలేదు. పొద్దున్నే లేవడం, గోరువెచ్చని నీళ్లలో నిమ్మకాయ పిండుకుని తాగడం, ఆ చేత్తోనే సీసా కడిగి కోడలి చేతికివ్వడం. ఈ కాలంలో ఏ మామ చేస్తాడండీ కోడలి కోసం అంత పని?

పూల్ పక్కన నిలబడితే క్లోరిన్ వాసన ముక్కు బద్దలు కొడుతోంది. సీసాలో మాత్రం సున్నా. కవితకు పిచ్చెక్కినంత పనైంది.

"కుదరకపోతే సేపలు ఇడుద్దాం తల్లీ. నీళ్లు దండగ కాకుండా ఉంటాయి" అని ఓదార్చాడు తిమ్మప్ప.

ఆ మాట ఆమె భర్త లక్ష్మీనారాయణకు బాగా నచ్చింది. ఆదివారం కోసిగి నుంచి చుట్టాలంతా నాన్న దూకేది చూడటానికి వస్తున్నారు, ఆ రోజు కూడా సున్నానే వస్తే చేపలే ఖాయమని తేల్చేశాడు. కవితకు ఏడుపొక్కటే తక్కువ. ఎన్నాళ్ల కోరిక! గట్టు దాకా వచ్చి చేపల పాలవుతోంది.

శనివారం ఎమ్మిగనూరులో ఆ చుక్కల మందు అమ్మే అంగడికి ఫోన్ చేసింది.

"వాసన అంతగా కొడ్తాంటే సున్నా యాడ వస్తాది అక్కా?" అన్నాడు అంగడాయన. "మందు మార్చితివి, నీళ్లు మార్చితివి. సీసా మార్చినావా? దాన్ని పారేయ్. కొత్తది పంపిస్తా, పూల్ నీళ్లతోనే రెండుసార్లు కడిగి పట్టు."

ఆదివారం పొద్దున్నే చుట్టాలు దిగారు. పూల్ చుట్టూ కుర్చీలు వేసుకుని ఉగ్గాణి, బజ్జీలు లాగిస్తున్నారు. తిమ్మప్ప కొత్త తువ్వాలు భుజాన వేసుకుని అందరినీ పేరుపేరునా పలకరిస్తున్నాడు. కవిత రాగానే ఎప్పటిలాగే సీసా అందించాడు.

"ఇదిగో తల్లీ, శుభ్రంగా కడిగి పెట్టినా."

"అది వద్దు మామా. కొత్తది వచ్చింది."

తిమ్మప్ప చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

కవిత కొత్త సీసాను పూల్ నీళ్లతో కడిగింది. మోచేతిలోతున నీళ్లు పట్టింది. చుక్కలు వేసి మూత బిగించి ఊపింది. అందరూ బజ్జీలు నమలడం ఆపేశారు.

పసుపు! చక్కని లేత పసుపు! డబ్బా మీద 'సరిగ్గా ఉంది' అన్న గడిలోని రంగే.

"వచ్చింది మామా!" కవిత చిన్నపిల్లలా గంతేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చుట్టాలు చప్పట్లు కొట్టారు. "దూకప్పా తిమ్మప్పా, తుంగభద్రనే ఈదినోనివి, ఇదెంత!" అని కేకలు వేశారు.

గంగమ్మ వక్కల కత్తెర పక్కన పెట్టింది. చెప్పులు విడిచి, కొంగు నడుముకు బిగిస్తూ మొగుడి పక్కకు వచ్చి నిలబడింది.

తిమ్మప్ప కోడలిని దగ్గరికి పిలిచి, చెవిలో చిన్నగా అన్నాడు.

"రంగు రాకుండా సీసాలో దినామూ నిమ్మరసం పిండింది నేనే తల్లీ... ఆ పొద్దు ఏరు ఈదింది మీ అత్త, నేను గట్టున కూసోని ఆమె సెప్పులకు కాపలా కాసినా!"