రెండిటు, రెండటు

నాలుగు మోటార్లు, నాలుగు చేతులు, సంచెడు రెక్కలు, అగ్గిపెట్టెంత బ్యాటరీ, గోరంత కెమెరా. స్టీలు సామాన్ల కొట్టు పైన, గోడౌనులో, బోర్లించిన గుండిగ మీద ధర్మారావు పరుచుకున్న సరుకు అది. అది కాక, ఐదేళ్ళ కిందట నలుగురి ముందూ అన్న ఒక మాట కూడా అతని దగ్గర ఉంది.

"ఝాన్సీ మొహం నా కళ్ళతో చూడను. దాని వీధి తొక్కను."

కరెంటు లైన్‌మన్ ధర్మేంద్రను కోరి చేసుకున్న కూతురి గురించి అన్న మాట. మొన్న పెద్దనోట్లు చెల్లని రోజుల్లో కూడా విజయనగరం బజారులో ధర్మారావు మాట చెల్లింది.

చేతులు బిగించాడు. రెక్కలు తొడిగాడు. స్విచ్చి నొక్కాడు. డ్రోన్ లేవలేదు. ఉన్నచోటే బొంగరంలా గిర్రున తిరిగి, గిన్నెల దొంతర మీద పడి గోడౌనంతా మోగించింది.

మెట్లెక్కి వస్తున్న చంద్రమౌళి పరిగెత్తుకొచ్చాడు. ధర్మారావు చెల్లెలి కొడుకు. పక్కనే సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతాడు. కిట్టు తెప్పించింది అతనే.

"ఏటి మావా, నేనొచ్చీదాకా ఆగలేవా?" అంటూ తిరగేసి చూశాడు. "ఓలమ్మో! నాలుగూ ఒకేవేపు తిప్పీసావేటి?"

"మరేటి? కాయితంలో వాడు రెండు బాణాలు తప్పేసాడురా. రెండు మోటార్లు అపసవ్యంగా తిరుగుతన్నాయి. పిల్లని సూడ్డానికెళ్ళే దానికి అపసవ్యమేటి, అశుభం కాదూ? తీగలు మార్సి నేనే ప్రదక్షిణంగా సరిసేసాను."

చంద్రమౌళి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. "ఇది గుడి సుట్టూ తిరగదు మావా. రెండిటు, రెండటు తిరిగితేనే గాల్లో నిలబడతాది. అన్నీ ఒకేవేపు తిరిగితే ఇలాగే కూలబడతాది."

"నేనూ మీ అత్తా ఐదేళ్ళబట్టి ఒకేవేపు తిరుగుతన్నాం. కూలబడ్డామేటి?"

చంద్రమౌళి నవ్వు ఆగిపోయింది. తల వంచుకుని స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. రెండు మోటార్ల తీగలు మార్చాడు, రెండు రెక్కలు మార్చాడు. ఈసారి డ్రోన్ లేచి, గుండె ఎత్తున కదలకుండా నిలబడింది. ధర్మారావు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"మరి నీ మాటో, మావా?"

"నా కళ్ళతో సూడనన్నాను. సూసేది కెమెరా. వీధి తొక్కనన్నాను. ఇది గాల్లో పోతాది. మాటెక్కడ తప్పానో సెప్పు."

"దేవుడితోనైనా బేరమాడీస్తావు నువ్వు."

"నాకోసం కాదురా. మీ అత్త కోసం."

అది నిజం. మాట అన్నది తను, వెల కడుతున్నది భార్య కన్యాకుమారి. ఆ రోజు నుంచీ ఆమె కూతురి పేరెత్తలేదు. ఒక్కనాడూ ఏడవలేదు. ఝాన్సీకి ఆడపిల్ల పుట్టిందని, పింకీ అని పిలుచుకుంటున్నారని బజారంతా చెప్పుకున్న రోజున కూడా "పులుసులో ఉప్పు సరిపోయిందా?" అని మాత్రం అడిగింది. ధర్మారావే కంచం వదిలేసి లేచిపోయాడు. లోపల అంత దుఃఖం పేర్చుకున్న మనిషి ఎన్నాళ్ళు నిలుస్తుంది? గురువారం గురువారం గుడికి వెళ్ళి, బీదలకు అన్నం పెట్టి వస్తుంది. ఆ కాస్త పుణ్యం మీదే బతుకుతోందని అతని లెక్క.

కింద నుంచి ఆమె గొంతు వినిపించింది. "ఏమండీ, గుడికెళ్ళొస్తాను. అన్నం మూతేసి ఉన్నాది. ఏటా సప్పుడు?"

"గిన్నెలు జారాయి. ఎండగా ఉన్నాది, ఆటోలో వెళ్ళు."

ఆటో కదిలిన చప్పుడు విని ధర్మారావు లేచాడు. "పదరా, బండి తియ్యి."

"ఈవేళ వద్దు మావా. రేపు సేద్దాం."

"ఏం?"

"గురువారం... గాలెక్కువ."

"గాలికి వారమేటిరా? మీ అత్త లేని పూటే మంచిది. సాయంత్రం ఫోను సేతిలో పెడితే అప్పుడైనా ఏడుస్తాది. ఏడిస్తే బరువు దిగుతాది."

"నా మాటిను మావా..."

"నీకు భయమైతే రిమోట్ ఇటియ్యి. నేనే ఎగరేస్తాను."

ఝాన్సీ ఉండే వీధి మొదట్లో, ఖాళీ స్థలంలో స్కూటర్ ఆపారు. ధర్మారావు చెప్పులు వీధిలోకి ఒక్క అంగుళం దాటలేదు. డ్రోన్ కందిరీగలా రొద చేస్తూ మేడల మీదికి లేచింది. చంద్రమౌళి రెండు చేతులూ రిమోట్ మీద ఉన్నాయి. ధర్మారావు ఫోనును అతని ముందు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"నువ్వు సూసి సెప్పు. ఏటున్నాది?"

"మేడ మీద బట్టలారేసున్నాయి."

"ఇంకా?"

"ఝాన్సీ ఉన్నాది."

"సిక్కిపోయిందా?"

"లేదు మావా. బాగుంది."

"పింకీయో?"

"నీడన కూకుంది. అన్నం తింటంది."

"అంత చిన్నపిల్ల తనంతట తనే తింటందేటిరా?"

రొద దగ్గరవుతోంది.

"బ్యాటరీ అయిపోతంది. దింపీస్తన్నాను."

"వీడియో అయిందా?"

"సరిగ్గా రాలేదు మావా. ఫోనిలాగియ్యి, తుడిసేస్తాను."

అక్కర్లేని తొందర చూపించేవాడు సరుకులో ఏదో దాస్తున్నాడని వ్యాపారం ధర్మారావుకు ఎప్పుడో నేర్పింది. ఐదేళ్ళు కాపాడుకున్న మాటను ఆ ఖాళీ స్థలంలోనే వదిలేసి, కళ్ళు తెరిచాడు. వీడియోను వెనక్కి జరిపాడు.

ఝాన్సీ ఒళ్ళు చేసింది. మొహాన బాధ జాడ లేదు. డ్రోన్‌ను చూసి నవ్వుతూ చెయ్యి ఊపుతోంది. మనవరాలి బుగ్గలు నిండుగా ఉన్నాయి. భార్యకు చూపించాలనుకున్నవన్నీ ఒక్కటి తగ్గకుండా దక్కాయి. ఆ మేడ మీద ఏడ్చేవాళ్ళెవరూ లేరు.

పింకీని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దలు పెడుతున్నది కన్యాకుమారి.