నున్నబండ మీది చెయ్యి

పంజాగుట్ట మీది ప్రతి రాయీ ఇస్తారికీ ఏసోబుకీ చిన్ననాటి చుట్టమే. అమీర్‌పేటలో బట్టలు కుట్టే ఇస్తారి, సోమాజిగూడ బంగళాలో తోటమాలి ఏసోబు, కాలం మారినప్పుడల్లా చీకటి పడ్డాక గుట్ట ఎక్కేవాళ్లు. చలికాలంలో మంట వేసుకోవడానికి, ఎండాకాలంలో పైగాలికి పడుకోవడానికి. ముందు వచ్చినవాడు పైకెక్కి, నున్నబండ దగ్గర రెండోవాడికి చెయ్యి అందించాలి. అదీ వాళ్ల ఒప్పందం.

ఆ రాత్రికి మృగశిర కార్తె దగ్గరపడింది గానీ చినుకు జాడ లేదు. యుద్ధం పుణ్యమా అని కిరసనాయిలు దొరక్క ఇస్తారి లాంతరు తేలేదు. పగలంతా కాగిన బండ ఇంకా సెగలు కక్కుతోంది. తడుముకుంటూ చెయ్యి చాచగానే పైనుంచి ఒక చెయ్యి అందింది.

"జల్ది వచ్చినవేందిరా ఇయ్యాల?" అన్నాడు ఇస్తారి.

ఆ చెయ్యి వానలో తడిసినట్టు చల్లగా ఉంది. మొక్కలకు నీళ్లు పోసి వచ్చాడేమోననుకుని, ఇస్తారి బరువంతా దాని మీద వేశాడు. పాదాలు బండను వదిలాయి.

అప్పుడు కింద, చాలా కింద, తుప్పల్లో చెప్పుల చప్పుడైంది.

"ఇస్తారీ, జర ఆగురా!" ఏసోబు గొంతు. "దొర ఇడిసేతలికి గీ యాళ్లయింది. పైన ఎవలతోని మాట్లాడుతున్నవ్?"

గాలి ఆగిపోయింది. కీచురాళ్లు కూడా ఊరుకున్నాయి. ఇస్తారి పైకి చూడలేదు. పడితే కాలో చెయ్యో విరుగుతుంది, అంతే కదా అనుకుని, మెల్లగా తన వేళ్లన్నీ విప్పేశాడు.

పడలేదు.