మొదటి తరగతిలో నాలుగేళ్లు

గురువారం పరీక్ష తప్పితే ఉమ్ సర్మద్ కుర్చీ పోతుంది. ఆ మాట ఆమెకు చెప్పే పని హెదర్ మీద పడింది.

అమ్మాన్‌లోని ఆ చర్చి నేలమాళిగలో ఇరవై నాలుగు కుర్చీలే ఉన్నాయి. నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని ఏదో ఒక దేశపు వీసా ఇంటర్వ్యూలో నిలబడాలని, ఇరాక్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఇంకో అరవై మంది పేర్లు రాయించుకుని ఎదురుచూస్తున్నారు. మొదటి తరగతిలో ఎవరూ ఏడాదికి మించి ఉండకూడదని, పరీక్ష నెగ్గి పై తరగతికి వెళ్లాలి లేదా కుర్చీ వదలాలని కొత్త ఫాదర్ నియమం పెట్టాడు. ఉమ్ సర్మద్ నాలుగేళ్లుగా అక్కడే ఉంది.

ఈ నాలుగేళ్లలో ఏడుగురు వాలంటీర్లు మారారు. ఆరు నెలలకొకరు వస్తారు, మొదటి పాఠం దగ్గర మొదలుపెడతారు, వెళ్లిపోతారు. హెదర్ ఎనిమిదో మనిషి. స్కాట్లండ్‌లో ఆమె ఊరి చర్చివాళ్లు చందాలు వేసుకుని పంపారు. ఒక్కరికైనా మేలు చేసి వెళ్లాలని ఆమె కోరిక.

మొదటి పాఠం ‘నా కుటుంబం’. ఆ పాఠమంటే ఉమ్ సర్మద్ అందరికంటే ముందు లేచి నిలబడేది.

“ఐ హ్యావ్ త్రీ సన్స్,” అనేది. తర్వాత ఒక్కొక్కరి గురించీ చెప్పేది. పెద్దవాడు సర్మద్ పొడగరి; ఉమ్ సర్మద్ అంటే ‘సర్మద్ తల్లి’ అనే. రాఫిద్ చేపలంటే ప్రాణం పెడతాడు. యూనాన్‌కి లెక్కలు రావు.

అప్పటిదాకా గోలగోలగా ఉన్న తరగతి ఆమె లేవగానే నోటుపుస్తకాల్లో తల దూర్చేసేది. ప్రతిసారీ అదే విని విసిగిపోయారు కాబోలు అనుకుంది హెదర్.

ఆ పాఠం దాటితే ఉమ్ సర్మద్ నోరు విప్పదు. ఆమె నోటుపుస్తకం తెల్లగా ఉండేది. అదీగాక, ఒకరోజు పక్కనున్న అబూ నినోస్ పుస్తకం మీదికి వంగి పెన్సిల్ కదిలిస్తూ దొరికిపోయింది.

“చూసి రాయకూడదు ఖాలా,” అంది హెదర్, పిన్నీ అన్నట్టు అక్కడివాళ్లు పిలిచే పిలుపుతో.

అబూ నినోస్ పగలబడి నవ్వాడు. “దొంగను పట్టేశారు మిస్! లారీ తోలేవాడి పుస్తకం చూసి రాస్తోందంటే ఇక ఈవిడ గతేమిటో మీరే చెప్పండి.”

“నోర్మూసుకుని నీ పని చూసుకోరా లారీ,” అంది ఉమ్ సర్మద్, పెన్సిల్ వెనక్కి తీసుకుంటూ.

అబూ నినోస్ పుస్తకంలో మాత్రం ఈ మధ్య తప్పులుండడం లేదు.

“ఎంత ఓపిగ్గా చెప్పినా ఒక్క ముక్క ఎక్కడం లేదు,” అంది హెదర్ ఆఫీసులో సలీబాతో. దరఖాస్తులూ టీ కెటిలూ రెండూ ఆ ముసలాయన చేతిలోనే ఉంటాయి.

“ఆవిడ జోలికి పోకు బిడ్డా. ఒక్క కుర్చీయే కదా.”

“బయట అరవై మంది ఉన్నారు.”

సలీబా టీలో పంచదార కలిపాడు. “ఆవిడ సంగతేమిటో ఆవిడనే అడిగావా?”

“పాఠంలో రోజూ అడుగుతూనే ఉన్నాను. జవాబు రాదు.”

గురువారం అందరూ కాగితాలు నింపి ఇచ్చారు. ఉమ్ సర్మద్ ఖాళీ కాగితం ఇచ్చింది. అయినా ఆమెను వదులుకోవడం హెదర్‌కు ఇష్టం లేకపోయింది. నోటితో చెప్పే పరీక్ష ఇంకా ఉంది. వర్తమానంలో ఉన్న వాక్యాన్ని భూతకాలంలోకి మార్చాలి, అంతే.

“ఖాలా, మీకు అన్నిటికంటే తేలికైనది ఇస్తాను. ఎప్పుడూ మీ నోట్లో నానేదే.” హెదర్ బోర్డు మీద రాసింది: ఐ హ్యావ్ త్రీ సన్స్. “హ్యావ్ తీసేసి హ్యాడ్ పెట్టండి. ‘ఉన్నారు’ కాదు, ‘ఉండేవారు’. ఈ ఒక్కటి చెబితే పై తరగతికి పంపిస్తాను. మీ కుర్చీ ఎక్కడికీ పోదు.”

తరగతి మళ్లీ నోటుపుస్తకాల్లో తల దూర్చేసింది.

“మిస్, ఆవిడకు వేరేది ఇవ్వండి,” అన్నాడు అబూ నినోస్. ఆ గొంతులో నవ్వు లేదు.

“మీరు అందించకండి. ఆవిడే చెప్పాలి.”

ఉమ్ సర్మద్ లేచి నిలబడింది. బోర్డు వైపు చూసింది. “ఐ హ్యావ్ త్రీ సన్స్.”

“హ్యాడ్, ఖాలా. చివరి చప్పుడొక్కటే తేడా. నాతోపాటు అనండి.”

“ఐ హ్యావ్.”

“ఇంకొక్కసారి. ఇదే ఆఖరు.”

“ఐ హ్యావ్ త్రీ సన్స్,” అంది ఉమ్ సర్మద్, ప్రతి మాటా విడివిడిగా, స్పష్టంగా.

హెదర్ సుద్దముక్క కింద పెట్టేసింది. ఉమ్ సర్మద్ తెల్ల నోటుపుస్తకం సంచిలో పెట్టుకుంది. పెన్సిల్ అబూ నినోస్ జేబులో గుచ్చింది. కుర్చీని చప్పుడు కాకుండా బల్ల కిందికి నెట్టి, వెళ్తూ వెళ్తూ హెదర్ చెంప నిమిరింది.

“నీ తప్పేం లేదు తల్లీ. బాగానే చెబుతావు. బోర్డుకు అడ్డం మాత్రం నిలబడకు.”

పేరు కొట్టేయాలంటే పాత దరఖాస్తు మీద కారణం రాయాలి. సలీబా బీరువాలోంచి దాన్ని తీసి, హెదర్ ముఖంలోకి చూడకుండా బల్ల మీద పెట్టాడు. నాలుగేళ్ల నాటి కాగితం. ‘మీ గురించి ఇంగ్లీషులో రాయగలిగినంత రాయండి’ అన్న గడిని దాదాపు అందరూ ఖాళీగా వదిలేస్తారు.

ఆ గడిలో అచ్చుగుద్దినట్టున్న అక్షరాలతో, ఒక్క తప్పూ లేని ఇంగ్లీషులో రాసి ఉంది: “మోసుల్‌లో ఆడపిల్లలకు ఇరవై రెండేళ్లు ఇంగ్లీషు వ్యాకరణం చెప్పాను, నాకు ముగ్గురు కొడుకులు ఉండేవారు.”